పిల్లిపీచర పాలు

రేణుకది కోరుట్ల. భర్త శ్రీశైలం ఒకప్పుడు కల్లు గీసేతందుకు తాళ్లెక్కేటోడు, ఇప్పుడు ఆటో నడుపుతడు. రేణుక ఇంట్లనే జాకెట్లు కుడతది. ఆమె కుడితే కొలత తప్పదని వాడకట్టంత పేరు.

నలభై ఎనిమిది నిండినంక ఒంట్లె ఏదో మారింది. కూసున్నకాడనే ఛాతీల సెగ లేసి మొఖం దాక పాకేది. చలికాలంల కూడ ఫ్యాను కావాలె. నిద్ర లేదు, ఊకూకె కోపం. నెలసరి ఎప్పుడొస్తదో తెల్వది. చెప్పుకుందామంటే సిగ్గు, పెద్ద రోగమేమోనని భయం.

ఒకనాడు పక్కింటి మంజుల తెచ్చిచ్చిన పట్టుగుడ్డను తప్పు కత్తిరించింది. ఆమె బిడ్డ లగ్గం జాకెట్టు అది. మంజుల వచ్చేసరికి రేణుక చెమటలు కార్చుకుంట ఏడుస్తున్నది.

"గుడ్డ మళ్ల దొరుకుతది గని, నీకు గిట్ల ఎప్పటిసంది అయితున్నది?" అని అడిగింది మంజుల.

అంతా విన్నంక ఇంటికి పోయి శతావరి పొడి డబ్బా తెచ్చింది. "హార్మోన్లకు మంచిదట. పాలల్ల కలుపుకొని తాగు, నాకైతే జర నిమ్మళమైంది" అన్నది.

రేణుక అత్త పోశవ్వ మూత తీసి వాసన చూసింది. "గిది పిల్లిపీచర గడ్డే. శ్రీశైలం పుట్టినప్పుడు పాలు పడాలెనని మీ మామ చెలక గట్ల పొంట తవ్వుకచ్చి ఉడికిచ్చి పెట్టిండు. మంచిదే కావచ్చు. గని నువ్వు బీపీ గోలీలు వేసుకుంటున్నవు. డాక్టరమ్మను అడిగినంక తాగు. నడువు, నేనస్త."

డాక్టరమ్మ కాడికి పోతుంటే జగిత్యాల బస్సుల పోశవ్వ మెల్లగ చెప్పింది. "నాకు గూడ గీ ఈడులనే గిట్లయింది బిడ్డా. దయ్యం గాలి సోకిందన్నరు. నిజమే అనుకున్న. ఎవ్వలకు చెప్పకుంట ఒక్కదాన్నే ఏడ్సిన."

ఇన్నేండ్లు ఒక్క ఇంట్ల ఉండి రేణుకకు ఆ సంగతి తెల్వదు. అత్త చెయ్యి పట్టుకున్నది. బస్సు దిగేదాక వదల్లే.

డాక్టరమ్మ రక్తపరీక్షలు చేయించింది. థైరాయిడ్ బాగనే ఉన్నది. రేణుక చూపిచ్చిన పొడి డబ్బా గూడ చూసి చెప్పింది. "నెలసరి ఆగిపోయే వయసమ్మా. హార్మోన్లు తగ్గుతుంటే ఇట్లనే వేడి ఆవిర్లు వస్తయి. ఈ పొడితో కొందరికి హాయిగా ఉంటది, కానీ పనిచేస్తదని గట్టి రుజువు లేదు. కొన్నాళ్లు తాగి చూడు. బీపీ గోలీలు మాత్రం ఆపొద్దు. తగ్గకపోయినా, రక్తం ఎక్కువ పోయినా రావాలె. వేరే మందులున్నయి."

రేణుక గుండెల మీది బరువు అక్కడనే సగం దిగింది.

ఆ తెల్లారి నుంచి పోశవ్వనే పాలు కాగబెట్టి పొడి కలిపి ఇచ్చింది. చేదు పోవాలెనని చిటికెడు బెల్లం వేసింది. ఎండకాలం వచ్చేసరికి సెగలు పలుచబడ్డయి, నిద్ర పట్టింది. పొడితోనో, రోజులు గడిచో, రేణుకకు తెల్వది. పొడి ఇచ్చినందుకు మంజులకు, బస్సెక్కి వెంటవచ్చినందుకు అత్తకు మాత్రం రోజూ మనసుల దండం పెట్టుకుంటది. ఇప్పుడు సెగ లేస్తే దాచుకోదు. "అత్తమ్మా, మళ్ల వచ్చింది" అంటది. పోశవ్వ వచ్చి కొంగుతోని విసురుకుంట పక్కన కూసుంటది.