తేలిక చేసిన పిస్తోలు

కుప్పంలో మా అమ్మాయి కుట్టుమిషనుకు నూనె వేస్తే చాలు, ఆ వాసనకు నా బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోతుంది. మదనపల్లెలో లైసెన్సు తుపాకులు బాగుచేసే మునిరత్నమాచారి అంగడి గుర్తొస్తుంది. వయసులో ఉన్నప్పుడు ఆయన దగ్గర పనిచేశాను. పులిలాంటి మనిషని అందరికీ చెబుతుంటాను. నిజానికి అంత భయస్థుణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు. ఎవరు తుపాకీ తెచ్చినా ముందుగా తాకేవాడు కాదు. గోడవారన ఇసుక నింపిన చెక్కపెట్టె ఉండేది. తెచ్చినవాడే తుపాకీ మూతిని ఇసుకవైపు తిప్పి అందులో పెట్టాలి. కలెక్టరుకైనా అదే పద్ధతని గొప్పలు పోతుంటాను గానీ, మా అంగడికి కలెక్టరు ఎప్పుడూ రాలేదు.

ఒకసారి పుంగనూరు నుంచి టమోటా మండీ నారాయణప్ప వచ్చాడు. పిస్తోలు బరువుగా ఉందని దాని స్లైడును, అంటే పేలినప్పుడు వెనక్కి వచ్చి మళ్లీ ముందుకు పోయే పైభాగాన్ని, ఎవరిచేతనో అరగదీయించాడట. వేలితో నొక్కే మీట తేలిగ్గా పడాలని, గుండును పేల్చే సుత్తిని, అంటే హ్యామరును, ఆపే గాటునూ అరగదీయించాడట. ఇప్పుడు పేలిస్తే చెయ్యి ఎగిరిపోతోంది, సరిచేసి ఇమ్మన్నాడు.

ఆచారి ముఖం పాలిపోయింది. ఆ బరువే దెబ్బను కొంత ఓర్చుకుంటుందని, అది తగ్గితే స్లైడు విసురుగా వచ్చి మణికట్టును తంతుందని, మూతి పైకి లేస్తుందని చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"అది పోనీప్పా. హ్యామరు నిలవదే, దానికి నాకు భయం. రాత్రిపూట యాడ పెడతాండావు?"

"దిండు కింద. పక్కన మనవరాలు పండుకుంటాది. నువ్వు భయపడతావని ఊరంతా చెప్పినార్లే."

"ఈడ పెట్టిపో."

నారాయణప్ప నవ్వి, ఖాళీదేనని చూపడానికి గుండ్లు నింపే మ్యాగజైను లాగి బల్లమీద పడేశాడు. గొట్టంలో ఒక గుండు మిగిలి ఉందన్న సంగతి మరిచాడు. హ్యామరు వెనక్కి లాగే ఉంది. ఆచారి మాత్రం ఇసుకవైపే చెయ్యి చూపుతూ నిలబడ్డాడు. నారాయణప్ప విసుగ్గా పెట్టబోతే పిస్తోలు పెట్టె అంచుకు తగిలి పేలింది.

గుండు నా చెవి పక్కనుంచి దూసుకుపోయిందని ఏళ్ల తరబడి చెబుతున్నాను. అబద్ధం. అది ఇసుకలోకి పోయింది. నేను బీరువా వెనకకు పోయాను. పిస్తోలు నారాయణప్ప చేతిలోంచి ఎగిరి కిందపడింది. అతని మీసాల నిండా ఇసుక. స్లైడు తగిలి బొటనవేలి దగ్గర చీరుకుపోయి రక్తం కారుతున్నా చూసుకోలేదు.

"పాప తలకాయ ఈపక్కనే ఉంటాది," అని గొణిగాడు. పిస్తోలును అక్కడే వదిలి బస్సెక్కాడు.

సాయంత్రం దాకా ఆచారి చేతులు వణికాయి. టీ గ్లాసు నేనే పట్టి తాగించాను. యాల ఇంత భయం నీకని అడిగాను.

"రేపు పొద్దున కూడా వణికితేనే అంగడి తీస్తానప్పా. వణక్కపోతే నువ్వు తీయనీయొద్దు," అన్నాడు.

ఆ అంగడి ఇప్పుడు లేదు, ఆయనా లేడు. మనవడు బొమ్మ తుపాకీ నావైపు తిప్పితే దాని మూతిని మెల్లగా గోడవైపు జరుపుతాను. తాత వేషాలు వేస్తున్నాడని ఇంట్లో నవ్వుతారు. కళ్లు తేలేసి వాళ్లను ఇంకొంచెం నవ్విస్తాను. కళ్లది వేషమే. చేతిది కాదు.