మగ్గం చక్రానికి పొరలు పోసిన రోజు

మా మగ్గం ఆగిపోవడం వల్ల ఈ ప్రయాణం పెట్టుకున్నాం. నేసిన బట్టను చుట్టే కర్ర వెనక్కి తిరగకుండా ఆపే పళ్ళచక్రం అరిగి జారిపోతోంది. అది పాత రకం, బజారులో ఎక్కడా దొరకలేదు. పెళ్ళి చీరలు నెలాఖరుకి దిగకపోతే పని వేరే ఇంటికి ఇచ్చేస్తానని నూలు ఇచ్చే షావుకారుగారు చెప్పేశారు. విజయవాడ శివార్లలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో వస్తువుల నమూనాలు చేసే మిషను ఉందని చెప్పి, అక్కడి సారుతో మాట్లాడిందీ ఆయనే.

పామర్రులో పొద్దున్నే మొదటి బస్సు ఎక్కాం. ఉయ్యూరు దగ్గర చెరకు బళ్ళు అడ్డం రావడంతో పటమటలో దిగేసరికి ఎండెక్కింది. అక్కడి నుంచి కాలేజీకి షేరు ఆటో ఉంది. ఒళ్ళో సంచి పట్టుకుని ముడుచుకుని కూర్చున్న నన్ను చూసి డ్రైవరు, "సంచిలో ఏంటమ్మా, బంగారమా?" అన్నాడు. మావారు నవ్వి, "అంతకన్నా ఎక్కువేనయ్యా" అన్నారు.

అందులో ఉన్నది మామగారి నాటి ఇంకో చక్రం. కొత్తలోనే నడుమ చీలింది కాబట్టి పళ్ళు అరగలేదు. మగ్గం సామాను పారేయకూడదని దేవుడి గూట్లో పెట్టారు. చక్రం పళ్ళ సందులో పడే ఇనప నాలుకను కూడా తెచ్చాం.

సారు చక్రాన్ని కొలిచి కంప్యూటరులో బొమ్మ గీశారు. ఆ బొమ్మను కంప్యూటరు అప్పడాల దొంతరలా పల్చటి పొరలుగా కోసింది. మిషనులో కండెకు చుట్టిన ప్లాస్టిక్ తీగ ఉంది. అది వేడి ముక్కులోంచి కరిగి, సేమియా కన్నా సన్నగా దిగుతూ ముందు చక్రం అంచు గీసింది, తర్వాత లోపల నింపింది. ఒక పొర అయ్యాక కింది బల్ల కాస్త దిగుతుంది, దాని మీద ఇంకో పొర పడుతుంది. పోగు మీద పోగు పడి చీర అయినట్టే అనిపించింది.

"ప్లాస్టిక్ ఆగుతుందా సార్?" అని మావారు అడిగారు.

"ఇది నమూనా మాత్రమేనండీ. సరిపోతే ఆటోనగర్లో పోతపనివాళ్ళ దగ్గర దీంతో ఇసుకలో అచ్చు తీయించి ఇత్తడి పోయించుకోండి. మిషను మీకు ఇవాళ ఒక్కరోజే, రేపట్నుంచి పిల్లల పరీక్షలు."

మొదటి పొరలోనే చక్రం ఆకారమంతా కనిపించింది. పళ్ళ సందులు మరీ ఇరుగ్గా ఉన్నాయి. నా చేతిలోని నాలుక వాటిలో పట్టేలా లేదు. పాత చక్రం వైపు చూశాను. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ప్రతి దసరాకీ దానికి పసుపు రాసేది నేనే. నాకు ముందు అత్తగారు రాసేవారు. అదంతా పళ్ళ మీద పొరలుగా పేరుకుని, నల్లబడి ఇనుములాగే గట్టిపడింది.

"ఏమండీ, సారు పసుపుని కూడా కొలిచారు" అన్నాను మెల్లగా.

"ఇప్పుడా చెప్పేది? ఆపమంటే ఆయనేమనుకుంటారో."

పరాయి మగవాళ్ళతో మాట్లాడటం నాకు అలవాటు లేదు. కానీ నేను ఊరుకుంటే మగ్గం కూడా ఆగే ఉంటుంది. "సార్, ఆపండి. దాని మీద పసుపుంది" అన్నాను.

సారు మిషను ఆపి, చక్రాన్ని గోటితో గీకి చూసుకున్నారు. "నేను పూతనుకున్నానమ్మా. పోనీలే, ఒక్క పొరతోనే బయటపడింది. కడుక్కురండి" అన్నారు.

క్యాంటీన్లో చింతపండు అడిగితే వంటావిడ, "ఇంట్లో చాలక ఇక్కడ కూడా చారు పెడతావేంటమ్మాయ్?" అంటూనే గుప్పెడు ఇచ్చి, కొబ్బరి పీచు కూడా పడేసింది. పంపు దగ్గర కూర్చుని ఇద్దరం తోమాం. నీళ్ళు పచ్చగా పారాయి.

సారు మళ్ళీ కొలిచి మొదలుపెట్టారు. పొద్దుగూకే వేళకి చక్రం తయారైంది. మావారు నాలుకను నా చేతికే ఇచ్చారు. పెట్టి చూశాను. టక్కున పడింది.

ఆటోనగర్లో దాన్ని ఇత్తడితో పోయించి బిగించాం. ఆ నెల చీరలు మా మగ్గం మీద నుంచే దిగాయి. మిషను మనం చూపించిందే చేస్తుంది. ఏది వస్తువో, ఏది మన భక్తో దానికి తెలియదు. మీరూ ఇలాంటి పని మీద వెళ్తే, వస్తువును శుభ్రంగా తోమి, దానికి జత పడే ముక్కను కూడా వెంట తీసుకెళ్ళండి. మొన్న దసరాకి ఇత్తడి చక్రానికి నడుమ ఒక్క బొట్టే పెట్టాను. అత్తగారు చూసి, "పళ్ళకి వద్దులే" అన్నారు.