ఉండాది అంటే నవ్వుతారట

మాతృభాషను కాపాడుకుందామని తిరుపతిలో సభ పెట్టారు. మా అమ్మ గురించి ఓ పేజీ రాసి చదవమని నన్ను పిలిచారు. ఎగిరి గంతేసి రాశాను. చిత్తూరు దగ్గర మా మామిడితోటలో అమ్మ రోజూ అనే మాటతోనే మొదలుపెట్టాను. "ఈడ సెట్టుండాది, ఆడ నీడుండాది, ఇంగేం గావాల?"

సభ మొదలయ్యే ముందు నిర్వాహకుడు నా పేజీ తిరిగి చేతికిచ్చాడు. ఆయనదీ చిత్తూరే, రిటైరైన తెలుగు మాస్టారు. నా మొదటి వాక్యం కొట్టేసి ఎర్ర ఇంకుతో పైన రాశాడు: "ఇక్కడ చెట్టు ఉంది, అక్కడ నీడ ఉంది, ఇంకేం కావాలి?"

"ఇది మా అమ్మ మాట కాదు సార్."

"భాషను కాపాడాలంటే ముందు శుద్ధి చేయాలమ్మా. వేదిక మీద ఉండాది గిండాది అంటే నవ్వుతారు."

నాకు ఒళ్లు మండింది. ఆయన వెనకాలే బ్యానరు, "అమ్మ పలుకే అమృతం" అని. ఆ పలుకును ఉతికి ఆరేసే పని ఈయనకెవరు అప్పగించారు? నాతో పాటు బస్సులో వచ్చిన అమ్మ ముందు వరసలో పట్టుచీర సర్దుకుంటూ కూర్చుంది. ఆమె మాట తప్పని ఆమె ఎదుటే ఒప్పుకోవాలా? చచ్చినా ఒప్పుకోను.

సరిగ్గా నన్ను పిలిచే వేళకు మైకు ఆగిపోయింది. హాలంతా గోల. మాస్టారు వేదిక అంచుకు పరుగెత్తాడు.

"ఎవురప్పా ఆడ! వైరు యాడ ఊడిపోయుండాదో సూడండప్పా!"

ఉండాది! ఆయన నోటినుంచే! పడీ పడీ నవ్వాను. ఇక మైకు కోసం ఆగలేదు. "ఈడ సెట్టుండాది" అని గొంతు చించుకుని మొదలుపెట్టి, పేజీ మొత్తం నేను రాసింది రాసినట్టే చదివేశాను. జనం నవ్వారు, నిజమే. అమ్మ కూడా వాళ్లతో కలిసి నవ్వింది.

నేను కూర్చునేసరికి మైకు వచ్చింది. మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "వక్త ప్రసంగమున దొర్లిన గ్రామ్య ప్రయోగములను సభ్యులు మన్నింతురు గాక!"

మన్నించమని నేనెవరినీ అడగలేదు. ఇప్పుడూ అడగను.

తిరుగు బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. చంద్రగిరి దాటాక నావైపు తిరిగింది.

"మైకు లేనప్పుడు ఆయప్ప మనట్లే బాగా మాట్లాడె గదా పాపా. మైకొస్తానే ఏమైపాయ?"