నాలుగు కుండల జీపు

ఆ రోజుల్లో ఇరవై రెండేళ్ళవాడికి తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇప్పటివాళ్ళ సంగతి నేను చెప్పలేను గాని, నా మటుకు నాకు ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు లోకంలో ఉన్న యంత్రాలన్నీ క్షుణ్ణంగా తెలుసు. మెకానికల్ డిప్లొమా పాసై, తిరుత్తణిలో తిరువళ్ళూరు రోడ్డు మీద మా బావ (అంటే మా అక్క మొగుడు) నడిపే వర్క్‌షాపులో చేరి అప్పటికి ఎనిమిది నెలలు. మాది మగ్గాల ఇల్లు. నాన్న గుంటమగ్గంలో దిగి కూర్చుంటే, అమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. ఆ ఇంట్లో నూలు వదిలి ఇనుము ముట్టుకున్న మొదటివాణ్ణి నేనే కాబట్టి వీధిలో తల కాస్త ఎత్తుకునే నడిచేవాణ్ణి. బావ ఏడో తరగతి దాకా చదివి, చేతులు నలగ్గొట్టుకుని పని నేర్చుకున్న మనిషి. నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి "డిప్లొమా" అని పిలిచేవాడు. అందులో ఎగతాళి ఎంతో గౌరవం ఎంతో తెలిసేది కాదు. నేను మాత్రం మొత్తం గౌరవం కిందే జమకట్టుకున్నాను.

మా వర్క్‌షాపుకు వచ్చేవాళ్ళలో ఒక పెద్దాయన ఉండేవాడు. ఊళ్ళో అందరూ తోటాయన అనేవాళ్ళు, నేను మామా అనేవాణ్ణి. తిరుత్తణికి పది మైళ్ళ అవతల, ఆంధ్రా సరిహద్దుకు ఆనుకుని ఆయనకు మామిడితోట ఉండేది. తోట మంచిదే గాని, తోటకూ రోడ్డుకూ మధ్య ఒక వంక అడ్డం. ఆ వంకలో నీళ్ళు ఎప్పుడోగాని రావు, వచ్చినప్పుడల్లా కొండమీంచి కొత్త బండరాళ్ళను దొర్లించి పోతాయి. ఆయన పాత జీపు చక్రాలు రాళ్ళు ఎక్కేవి గాని, ఇరుసు నడుమ గుమ్మడికాయలా వేలాడే డిఫరెన్షియల్ వెళ్ళి రాయికి తగులుకునేది. ముందటేడు కోతల్లో జీపు వంక నడుమ మూడు రోజులు ఇరుక్కుపోయింది. మనుషుల చేత గంపలతో మోయించగా సగం కాయ రోడ్డుకు చేరింది, మిగతా సగం చెట్ల కిందే మగ్గి ఈగల పాలయ్యింది. ఇంకొక ఏడు ఇట్లే పోతే తోట అమ్మేసేదే అని ఆయన బావతో చెబుతుంటే విన్నాను. మనిషి గొంతు మామూలుగానే ఉంది. చేతిలోని తువ్వాలును మాత్రం మడతలు పెడుతూ, విప్పుతూ ఉన్నాడు.

సరిగ్గా ఆ వారమే మిలిటరీవాళ్ళు వేలంలో అమ్మేసిన ఒక పెద్ద ట్రక్కు బ్రేకుల పనికి మా షెడ్డుకు వచ్చింది. దానికింద పడుకుని చూసినవాణ్ణి చూసినట్టే ఉండిపోయాను. మామూలు బండికి ఇరుసు నేరుగా చక్రం నడుబొడ్డుకు పోతుంది గదా, దీనికి అట్లా లేదు. ఇరుసు ఎక్కడో పైన చక్రం తలకాయ దగ్గరికి పోయి ఆగింది. అక్కడ కుండ లాంటి ఒక ఇనుప పెట్టె ఉంది. దాని లోపల ఉన్న పళ్ళచక్రాలు ఆ తిరుగుడును కిందికి, చక్రం నడుమకు దింపుతున్నాయని పోల్చుకున్నాను. అందుకే ట్రక్కు పొట్ట అంత ఎత్తున ఉంది. పోర్టల్ యాక్సిల్ అనే దీని పేరు మా పుస్తకంలో ఒక మూల, పరీక్షకు రాదని మాస్టారు చెప్పి వదిలేసిన పేజీలో ఉంది. (వదిలేసిన పేజీలే తరవాత జీవితంలో ఎదురొస్తాయని అప్పటికి నాకు తెలియదు.) కుండను బయటినుంచి చూశాను, కొలతలు రాసుకున్నాను. విప్పి లోపల చూడలేదు. డిప్లొమా ఉన్నవాడికి విప్పి చూడాల్సిన అవసరం ఏముంది?

మర్నాడే తోటాయనకు నా పథకం చెప్పాను. ఆయన జీపుకు నాలుగు చక్రాల దగ్గరా నాలుగు కుండలు తగిలిస్తే పొట్ట జానెడు పైకి లేస్తుంది, వంకలో ఏ రాయీ తగలదు. బావ పక్కనే నిలబడి వేళ్ళు మడుస్తూ అడ్డంకులు చెప్పాడు. పళ్ళచక్రాలు కోయించే ఖర్చుకు ఇంకొక పాత జీపే వస్తుందన్నాడు. బండి ఎత్తయితే మలుపులో పక్కకు ఒరుగుతుంది, స్టీరింగు బరువెక్కుతుంది, నాలుగు కుండలు నాలుగు చోట్ల నూనె కారుస్తాయి, విరిగితే సామాను ఏ అంగట్లోనూ దొరకదన్నాడు. పెద్ద టైర్లు వేసి, గడ్డపారలు పట్టుకున్న పదిమందిని వంకలోకి దింపితే చాలదా అన్నాడు. టైరు మారిస్తే రెండంగుళాలే వస్తాయని, రాళ్ళు ఈ ఏడు తీస్తే పై ఏటికి మళ్ళీ వస్తాయని నేను వాదించాను. బావ చెప్పిన ప్రతి మాటా నిజమైందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. నేను చెప్పినవీ అబద్ధాలు కావు. తోటాయన ఇద్దరివీ విని, నావైపు తిరిగి చేస్తావా అని ఒక్కమాట అడిగాడు. చేస్తానన్నాను. మామిడి వ్యాపారి ఆ ఏటి కాయకు ముందుగా ఇచ్చిన అడ్వాన్సు మొత్తం ఆ కుండల్లో పోశాడాయన.

డ్రాయింగు వేసేటప్పుడు ఒక చిన్న అనుమానం రాకపోలేదు. కుండలో పైచక్రం ఎటు తిరిగితే కిందిచక్రం అటే తిరుగుతుందా అని. అనుమానం తీర్చుకోవడానికి మా ఇంటి పిల్లవాడు ఎక్కడికి పోతాడు? అమ్మ రాట్నం దగ్గరికే పోయాను. పెద్దచక్రానికి ఒక ఎర్రదారం, కదురుకు ఒక ఎర్రదారం కట్టి తిప్పి చూశాను. రెండూ ఒకే వైపు తిరిగాయి. పుట్టినప్పటినుంచి చూసిన రెండు చక్రాలు అవే. వాటి సాక్ష్యం దొరికాక ఇంక దిగులేముంది? కండెలు నిలిచిపోతున్నాయి లేవరా అని అమ్మ నన్ను అక్కడినుంచి తరిమేసింది. ఒకదాన్నొకటి కరుచుకున్న పళ్ళచక్రాలు ఎదురెదురు దిక్కుల్లో తిరుగుతాయని నేను పరీక్షలో రాసి ఐదుకు ఐదు మార్కులు తెచ్చుకున్న సంగతి మాత్రం ఆ పూట గుర్తు రాలేదు.

కుండలు పోతపోయించడానికి గుమ్మిడిపూండి పోయాను. తిరువళ్ళూరు మీదుగా మద్రాసు, అక్కడ రైలు మారి పొన్నేరి, కవరైపేట్టై దాటి పోవాలి. నాలుగుసార్లు పోయి, పోసిన కుండలను గోనెసంచుల్లో వేసుకుని నాలుగుసార్లు మోసుకొచ్చాను. రైల్లో ఒక ముసలమ్మ సంచి తడిమి చూసి, ఇంత బరువు కుండలో అన్నం వండితే ఎప్పటికి ఉడుకుతుందని తమిళంలో జాలిపడింది. ముందుచక్రాలు స్టీరింగుతో పాటు తిరగాలి కాబట్టి ఆ రెండు కుండలే మా ప్రాణాలు తోడేశాయి. అంతా బిగించేసరికి చెట్ల మీద కాయ ముదిరింది, ఇంకొక వారంలో కోత. బండిని జాకీల మీద ఎత్తి ఇంజను వేశాం. నాలుగు చక్రాలూ గిర్రున తిరిగాయి. బావతో సహా అందరం కిందికి వంగి నూనె కారుతుందా లేదా అని చూశామే గాని, ఎటు తిరుగుతున్నాయో చూసిన మహానుభావుడు ఒక్కడూ లేడు. నేలమీద ఒక్క గజం నడిపి ఉంటే తెలిసిపోయేది. కాని మా వైపు కొత్తగా తయారైన బండి పూజ కాకముందు, నిమ్మకాయలు తొక్కకముందు అడుగు కదలకూడదు. కాబట్టి కదపలేదు.

శుక్రవారం పొద్దున షెడ్డు ముందు పూజ. మామిడి వ్యాపారి వచ్చాడు, వీధి వీధంతా వచ్చింది. జీపు ఎంత ఎత్తయ్యిందంటే దండ వెయ్యడానికి బావ స్టూలు ఎక్కాడు. నాలుగు చక్రాల ముందు నాలుగు నిమ్మకాయలు పెట్టారు. బండి ముందు కర్పూరం, బండి వెనక అందరికీ పంచడానికి మా అక్క రాత్రంతా మేలుకుని వండిన చక్కెరపొంగలి అండా. తోటాయన స్టీరింగు ముందు కూర్చున్నాడు. నేను పక్కన కూర్చుని, చుట్టూ నిలబడ్డవాళ్ళను పైనుంచి దయగా చూశాను. ఆయన మొదటి గేరు వేసి క్లచ్చి వదిలాడు. నిమ్మకాయలు ఎక్కడివక్కడే ఉన్నాయి. జీపు మాత్రం నెమ్మదిగా, మర్యాదగా వెనక్కి పోయి చక్కెరపొంగలిలో కూర్చుంది.

ఆయన గేరు తప్పిందనుకుని మళ్ళీ మొదటిది వేశాడు, బండి ఇంకా వెనక్కి పోయింది. రెండోది వేశాడు, ఇంకొంచెం ఉత్సాహంగా వెనక్కి పోయింది. అప్పటికి నాకు అర్థమైపోయింది. రాట్నం, ఎర్రదారం, ఐదు మార్కులు అన్నీ ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి. నా నాలుగు కుండలూ తిరుగుడును తలకిందులు చేశాయి. బండికి ఇప్పుడు వెనక్కి పోవడానికి మూడు గేర్లు, ముందుకు పోవడానికి రివర్సు గేరు ఒక్కటే. ఎవరో నవ్వారు, తరవాత వీధంతా నవ్వింది. వ్యాపారి నవ్వలేదు, తన అడ్వాన్సు గతి ఏమిటని అడిగాడు. బావ మొహం కందిపోయి నావైపు రెండడుగులు వేశాడు. నాకు ఏడుపు వచ్చింది. సిగ్గు సంగతి అటుంచి, ఒక మనిషి తోటను నా చేతులతోనే ముంచేశానని ఏడుపు వచ్చింది. తోటాయన కిందికి దిగకుండానే చెయ్యి ఎత్తి అందరినీ ఆపాడు.

"నేనే ఇట్ల చెయ్యమని చెప్పినాను. వంకలో రాళ్ళమింద పరిగెత్తేదేమన్నా ఉండాదా, మెల్లింగా పోవాల. రివర్సు గేరుకుండే బలం ఇంగ ఏ గేరుకుండాది? ఆ బలం నాకు ముందుకు కావాలంటిని. పిల్లోడు అట్లే చేసినాడు."

వీధి నవ్వు ఆగిపోయింది. ఆయన రివర్సు గేరు వేశాడు, జీపు ముందుకు కదిలి నాలుగు నిమ్మకాయలనూ శుభ్రంగా తొక్కింది. బావ నావైపు అనుమానంగా చూశాడు గాని, గిరాకీ అడిగిన పని చేసినవాణ్ణి ఏమనగలడు? పది మైళ్ళూ ఆ ఒక్క గేరులోనే పోయాం. సైకిళ్ళవాళ్ళు మమ్మల్ని దాటుకుపోయారు. సంతకు పోతున్న ఒక మేకలమంద కూడా దాటుకుపోయింది. స్పీడు మీటరులో మైళ్ళ అంకెలు వెనక్కి తిరుగుతున్నాయి, ఆ లెక్కన జీపు వయసు తగ్గుతూ వచ్చింది.

వంక దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నమైంది. ఆయన భార్య గట్టుమీద నిలబడి ఉంది, వెనక కోతకు వచ్చిన మనుషులు. జీపు రాళ్ళలోకి దిగింది. ముందటేడు తగులుకున్న రాయిని ఆయన వేలితో చూపించాడు. చక్రం ఒక రాయి ఎక్కింది, దిగింది, ఇంకొకటి ఎక్కింది. కింద పొట్టకు గీసుకున్న చప్పుడు వస్తుందని చెవి ఒగ్గి కూర్చున్నాను. రాలేదు. మనిషి నడకకంటే మెల్లగా, ఇంజను ఆగిపోకుండా, జీపు అవతలి గట్టెక్కింది. వేగం లేకపోవడమే మంచిదైంది. మామూలు మొదటి గేరులో అయితే ఆ రాళ్ళమీద ఎగిరి పడేవాళ్ళం. ఆయన ఇంజను ఆపి, తువ్వాలుతో మెడ తుడుచుకుని, సరి అన్నాడు.

ఆ కోతంతా జీపు వంకలోనే ఇటూ అటూ తిరిగింది. కాయతో రోడ్డు గట్టుకు రివర్సు గేరులో ముందుకు, ఖాళీగా తోటకు మొదటి గేరులో వెనక్కి. రోడ్డు గట్టునుంచి లారీ ఎత్తుకుపోయింది. నెలాఖరుకు ఆయన మెడ ఎడమవైపుకే తిరిగి ఉండిపోయింది. కుండలు నూనె కార్చాయి, బావ చెప్పినట్టే నాలుగు చోట్లా. ఆయన భార్య జీపు ఎక్కడానికి ముక్కాలిపీట వేసుకునేది. అయినా ఒక్క గంప కాయ కూడా చెట్టుకింద మిగల్లేదు. ఇంట్లో అమ్మకు మాత్రం జరిగిందంతా చెప్పుకున్నాను. అమ్మ కండె చుట్టడం ఆపకుండానే విని, "రాట్నానికి తాడుండాది. నీ కుండల్లో తాడు యాడుండాది నాయనా, పండ్లచక్రాలు గదా" అంది. డిప్లొమా మూడేళ్ళ చదువు ఆ వాక్యంలో అయిపోయింది.

కోతలు ముగిశాక నేనే బావకు నిజం చెప్పేశాను. బావ తిడతాడనుకున్నాను, తిట్టలేదు. ఒక బీడీ అయ్యేదాకా ఆలోచించి, ఇరుసులను బోర్లా తిప్పి, నూనె పోసే బెజ్జాలు కొత్త చోట వేస్తే తిరుగుడు మళ్ళీ సరవుతుందన్నాడు. (ఏడో తరగతి.) సామాను తీసుకుని తోటకు పోయి, తోటాయన దగ్గర కూడా ఒప్పుకున్నాను. తప్పు నాదేనని, ఆయన చెయ్యమన్నది కాదని ఆయనకే వివరించడం ఎంత తమాషాగా ఉంటుందో అప్పుడు తోచలేదు. ఆయన చెట్టుకింద మంచం మీద కూర్చుని, నన్నూ కూర్చోమన్నాడు.

"నాకు తెలీదా నాయనా. బండి ఎనక్కి పొయినప్పుడు అందురూ పొంగలి అండాను చూసినారు, నేను నీ మొగం చూసినాను. అంతమంది ముందర మాట పడింటే మళ్ళా నువ్వు స్పానరు పట్టింటావా?"

నేను ఒకటే అడిగాను, ఆ మాట అందరిముందూ అన్నప్పుడు బండి నిజంగానే వంక దాటుతుందని మీకు తెలుసా మామా అని.

"తెలీదు" అన్నాడాయన.

ఆనాటి ఆయన వయసును నేను దాటి చాలా ఏళ్ళయింది. నా కింద కూడా అన్నీ తెలిసిన ఇరవై రెండేళ్ళవాళ్ళు ఎంతోమంది పనిచేశారు, డ్రాయింగులు వేశారు, తలకిందులు చేశారు. నేనే చెయ్యమన్నాను అని వాళ్ళకోసం రెండు మూడుసార్లు నేనూ అబద్ధమాడాను. అయితే ఆ రెండు మూడుసార్లూ పోయేది కంపెనీ సొమ్ము. నా సొంత తోట పణంగా ఉన్నప్పుడు ఆ మాట నా నోట వచ్చేదో లేదో ఎవరూ పరీక్ష పెట్టలేదు. పెట్టనందుకు, నిజం చెప్పాలంటే, నాకు సంతోషంగానే ఉంది.