పెట్రోలు మూత వెనక తాడు

దసరా దాటిన నాలుగో రోజు పెట్రోలు బంకులో దబదబమని చప్పుడు వినగానే నాకు ఒళ్లు మండింది. ఒకాయన కారు పెట్రోలు మూతను పిడికిలితో గుద్దుతున్నాడు. మూత నిండా పసుపు, కుంకుమ. పక్కనున్న భార్య ఏదో చెప్పబోతే "నీకేం తెలుసు, జరుగు" అన్నాడు. ఆ మాట మీద కోపం తెచ్చుకోవడం నాకు నేర్పింది నారాయణపేట మెకానిక్ నర్సింలు కాక.

కాక నాకు మొదట ఎదురైనప్పటికి నేను కారు కొని ఏడాది. నాయినను డయాలసిస్‌కు మహబూబ్‌నగర్ తీసుకుపోయేది నేనే. వంతు తప్పితే ఆయాసంతో పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చునేవాడు. అట్లా బయలుదేరిన ఒక పొద్దున, ట్యాంకు అడుగంటి బంకులో ఆగితే మూత తెరుచుకోలేదు. షోరూంకు ఫోన్ చేశాను. "మేడమ్, ఫోన్ సారుకివ్వండి" అన్నాడు. ఏ సారుకు? కొన్నది నేను, నడిపేది నేను. సారు లేడంటే, మొత్తం మార్చాలి, వారం పడుతుందన్నాడు, బండిని కంటితో చూడకుండానే. బంకులో ఉన్నవాళ్లు తలా ఓ చెయ్యి వేశారు. ఒకడు స్క్రూడ్రైవర్ దూర్చబోయాడు. నన్ను మాత్రం అందరూ జరగమన్నారు. వెనక సీట్లో నాయిన కళ్లు మూసుకుని ఉన్నాడు.

ఎదుటి షెడ్డులోంచి కాక చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "దొంగ దొరికిండా, గట్ల గుద్దుతున్నరు?" అని వాళ్లను పక్కకు తోశాడు. అలవాటు కొద్దీ నేనూ జరిగాను.

"నువ్వేడికి పోతున్నవ్ బిడ్డా? బండి ఎవలది?"

"నాదే కాకా."

"మరి డిక్కీ తెరువు. పక్కనున్న అట్ట తియ్యి. లోపల చిన్న తాడుంటది, గుంజు."

"నాకు తెల్వది. నువ్వే చెయ్యి కాకా, నాయినకు టైమైతాంది."

"నేను జేస్తే గియ్యాల పోతవ్. రేపు తొవ్వల ఆగితే నన్ను ఏడికెల్లి తెస్తవ్?"

అట్ట తీసి తాడు గుంజాను. మూత టక్కున తెరుచుకుంది. తాళం చువ్వ చుట్టూ ఎర్రటి ముద్ద గడ్డకట్టి ఉంది. ఆయుధ పూజ నాడు మూతకు పసుపు, కుంకుమ దట్టంగా మెత్తి కొబ్బరినీళ్లు పోసింది నేనే. ఇక కాక నా మీద పడ్డాడు. "బొట్టు బానెట్‌కు వెట్టు, ఎవలొద్దన్నరు? తాళంల మెత్తితే దేవుడొచ్చి గోకుతడా?" పాత టూత్‌బ్రష్ ఇచ్చి నాతోనే గోకించాడు, చుక్క నూనె వేయించాడు. నాయిన వంతు తప్పలేదు.

కాక పోయి రెండేళ్లయింది. బ్యాంకులోనో, ఆఫీసులోనో "సారు రాలేదా" అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నా చెవిలో ఆయన ప్రశ్నే: బండి ఎవలది?

ఇప్పుడు ఈ బంకులో, మూత గుద్దుతున్నాయన భార్య దగ్గరికి వెళ్లాను. "డిక్కీ తెరువమ్మా. లోపల తాడుంటది."

"నాకు తెల్వదక్కా" అని ఆమె భర్త వైపు చూసింది. డిక్కీ తానే తెరుస్తానన్నట్టు అతను చేయి చాపి వస్తున్నాడు.

"నాకూ తెల్వకుండె" అని నా కారులోని టూత్‌బ్రష్ తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. తర్వాత అతని వైపు తిరిగాను.

"నువ్వు జరుగు తమ్మీ."