పేరు చెప్పని ప్రార్థన

లూర్దమ్మ చివరిగా చేసిన పని, శనివారం సాయంత్రం భర్త అబ్రహాం తెల్లచొక్కాకు ఇస్త్రీ చేయడం. ఆదివారం పూజకు ఆయన వేసుకునే చొక్కా అది. కాలరు మీద నీళ్లు చిలకరించి, రెండు వైపులా ఒత్తి, కిటికీ ఊచకు తగిలించింది. తను మాత్రం మరియమ్మ గుడికి పోవడం అప్పటికే మానేసింది. తెల్లవారి కూతురు రోజీ పరుగున వచ్చేసరికి చొక్కా అక్కడే వేలాడుతోంది. అమ్మ గుండె నిద్రలోనే ఆగిపోయింది.

నాచారంలో ఆమెను కంపెనీ లూర్దమ్మ అనేవారు. జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చి, మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి కుదిరి, కాళ్లు వాచేదాకా నిలబడి కొడుకు హెన్రీనీ కూతురు రోజీనీ చదివించింది. అబ్రహాం మౌలాలిలో రైల్వే ఖలాసీ. ఇంట్లో మాటలన్నీ ఆమెవే, ఆయన తలూపేవాడు. "మీ నాయిన నోరు రైల్వేకు కిరాయికిచ్చిండే," అని నవ్వేది.

గుండెజబ్బు కుటుంబాల్లో ఎలా దిగుతుందో తెలుసుకోవడానికి ఉప్పల్ నుంచి పరిశోధన వాళ్లు ఏటా వచ్చేవారు. ఇంటిల్లిపాదికీ రక్తం తీసేవారు. ప్రశ్నలు మాత్రం ఒక్కొక్కరినీ విడిగా, తలుపు మూసి అడిగేవారు. భార్య చెప్పింది భర్తకైనా చేరకూడదని వాళ్ల నియమం. మగవాళ్లను ఉమామహేశ్వర్ అనే ఆయన అడిగేవాడు, ఆడవాళ్లను అరుణకుమారి. అరుణకుమారిది ఆ గల్లీయే, ఆ గుడే. మన పిల్లే కదా అని లూర్దమ్మకు ధైర్యం.

పోయిన బిడ్డల సంగతే ముఖ్యమని అరుణకుమారి అంటే, రోజీ పిల్లలకు పనికొస్తుందని, ఎన్నడూ ఎవరికీ చెప్పనిది చెప్పింది. పెళ్లికి ముందు తనకొక ఆడపిల్ల పుట్టింది. పెదాలు నీలంగా ఉండేవి. వారం తిరక్కుండానే పోయింది. ఇది అబ్రహాంకు తెలియకూడదు. అదొక్కటే కోరింది.

అక్టోబరు నెలంతా రోజుకొక ఇంట్లో జపమాల. ఆ ఏడు ఒకరోజు అదే గల్లీలోని శ్యామలమ్మ ఇంట్లో. ఆడవాళ్లు లోపల చాపల మీద, మగవాళ్లు వాకిట్లో కుర్చీల్లో. మొదలుపెట్టే ముందు ఎవరి కోసం ప్రార్థించాలో తలా ఒక మాట చెప్పుకోవడం అలవాటు. అరుణకుమారి కళ్లు మూసుకుంది.

"పేరు చెప్పను. ఒక అక్క కోసం. పెండ్లికి ముందు పుట్టిన బిడ్డ పోతే, గా బాధ భర్తకు చెప్పలేక మోస్తున్నది. కంపెనీల నిలవడి నిలవడి కాళ్లు వాసిపోయినయ్. ఆమెకు శాంతి ఇయ్యి, మరియమ్మ తల్లీ."

శ్యామలమ్మ ఊరుకోలేదు. "పేరు జెప్తే ఏమైతుండెనే? మన గల్లీల కంపెనీకి పోయేటిది ఇంకెవరున్నరు?"

ఎవరో కిసుక్కుమన్నారు. వాకిట్లో అబ్రహాం దగ్గాడు. రోజీ పక్కనే కూర్చున్న అమ్మ చేతిలో పూసలు కదల్లేదు.

గేటు దగ్గర లూర్దమ్మ అరుణకుమారి చెయ్యి పట్టుకుంది. "తలుపేసి అడిగినవ్ గదనే!"

"పేరు చెప్పలేదక్కా. నీ మంచికే..."

"పేరొక్కటి దాసి నన్నంత సూపెట్టినవ్. నేనెవరో మరియమ్మకు ఎర్కలేదానే, గన్ని ఆనవాళ్లు జెప్పినవ్?"

మళ్లీ పరిశోధన వాళ్లు వస్తే తలుపు తీయలేదు. అబ్రహాంకు అన్నం పెట్టి, ముఖం చూడకుండా వంటింట్లోకి పోయేది. "తిట్టినా బాగుండు," అంది రోజీతో ఒకసారి. "మీ నాయిన ఏం అంటలేడే." ఆ తర్వాతి వేసవిలోనే పోయింది.

నలభయ్యో రోజు పూజకు అబ్రహాం ఆ తెల్లచొక్కా వేసుకున్నాడు. ఇంటికొచ్చాక రోజీ ఉండబట్టలేక అడిగింది. "నాయినా, జపమాల నాటి ముచ్చట అమ్మను ఒక్కసారన్న అడగకపోతివి?"

"ఏం అడగాలె బిడ్డా? సంబంధం మాట్లాడిన నాడే మీ అమ్మమ్మ నాకు అంత చెప్పింది. నేను కదిలిస్తే మీ అమ్మ సిగ్గువడ్తదని ఊకున్న."

చొక్కా గుండీలు విప్పుతూ ఆగాడు.

"గా ఉమామహేశ్వర్ సారు నన్ను గూడ తలుపేసి అడుగుతుండె, పిల్లలెంతమంది అని. ఎప్పుడడిగినా ముగ్గురనే చెప్పిన."