నజీర్ మామకి అటే పనుంది

నజీర్ మామకి ఈ భూమ్మీద ఏ బోల్టు మీదా నమ్మకం లేదు. అందులోనూ తన చేత్తో బిగించిన బోల్టు మీద అసలే లేదు.

ఆయన ముప్ఫై ఒక్క ఏళ్ళు చేపల రేవు పక్కన, లాంచీల ఇంజన్లు బాగుచేసే షెడ్డులో ఫిట్టరుగా చేశాడు. ఇప్పుడు రిటైరై విశాఖ పాతనగరంలో మా ఎదురింట్లో ఉంటాడు. ఆదివారం వస్తే ఆయన అరుగు ముందు ఎవరిదో ఒకరి బండి ఇంజనాయిలు మార్పించుకోవడానికి నిలబడి ఉంటుంది. షాపులో అది ఇరవై నిమిషాల పని. మామ దగ్గర మధ్యలో భోజనానికి లేవాల్సిన పని.

నూనె మార్చడానికి ఆయనకీ ఎక్కువసేపు పట్టదు. ఇంజను అడుగు బోల్టు విప్పి, సగానికి కోసిన డబ్బా కింద పెట్టి, నల్లటి నూనె దించేస్తాడు. కొత్త వాషరు వేసి బోల్టు బిగిస్తాడు. కొత్త నూనె పోస్తాడు. ఆలస్యమంతా ఆ తరవాతే. బోల్టు తుడుస్తాడు. వేలితో తడుముతాడు. వేలు వాసన చూస్తాడు. బండి కింద న్యూస్‌పేపరు పరిచి, ఇంజను నడిపిస్తూ, పిల్లాడి జ్వరం చూసే తల్లిలా ఆ పేపరు వంకే చూస్తూ కూర్చుంటాడు. చుక్క పడదు. బండివాడు బతుకు జీవుడా అని బయల్దేరి వీధి చివరికి చేరేసరికి వెనకనుంచి కేక.

"ఒరే జగ్గారావూ! ఆగాగు! వాషరేసినానా?"

"ఏసినావు మామా! నాను సూసినాను గదా!"

"నువ్వు సూసినావు. నాను సూడాల. ఎనక్కి రా."

అక్కడితో అయిపోతే మంచివాడే. మర్నాడు పొద్దున్న జగ్గారావు ద్వారకా నగర్లో ఆఫీసుకి బయల్దేరతాడు. సరిగ్గా అప్పుడే మామ తన పాత నీలం రంగు గేర్ల స్కూటరు మీది దుప్పటి తీస్తాడు.

"ఎక్కడికి మామా?"

"నాకూ అటే పనుంది."

ఎవరు ఎటు వెళ్తే మామకి అటే పని. ముందు బండి, వెనక ఇరవై గజాల్లో స్కూటరు, దాని మీద తెల్ల టోపీతో తల వంచుకుని రోడ్డు వంకే చూస్తూ మామ. జగ్గారావు పనిచేసేది ఒక కోచింగ్ సెంటర్లో. లోపలికొచ్చి ఏం పనో చెప్పక తప్పలేదు గనక, అరవై నాలుగేళ్ళ మామ బ్యాంకు పరీక్షల బ్యాచ్ ఎప్పుడు మొదలవుతుందో కనుక్కుని, ఫోన్ నంబరిచ్చి వచ్చాడు. అప్పట్నుంచి నెలకోసారి ఆ సెంటర్లో అమ్మాయి ఫోన్ చేస్తూనే ఉంది. "సార్, కొత్త బ్యాచ్ స్టార్టవుతోంది." "ఈసారికి సదవలేదమ్మా," అంటాడు మామ, మర్యాదగా. మా వీధి కొండలరావు బీరువాల కొట్లో పనిచేస్తాడు. అక్కడ ఒకే బీరువాని మామ మూడేళ్ళుగా తలుపు తీసి, వేసి చూస్తున్నాడు.

మా వీధి నవ్వుకునేది. నేను నవ్వేవాణ్ణి కాదు. నాకప్పట్లో నవ్వే అలవాటు తక్కువ. డిగ్రీ మధ్యలో ఆపేసి, పూర్ణా మార్కెట్లో పాత కాగితాల కొట్టు నుంచి పుస్తకాలూ, ఆదివారం అనుబంధాలూ తూకానికి తెచ్చుకుని చదువుకునేవాణ్ణి. మామకీ కాగితాలు కావాలి, బండి కింద పరచడానికి. అడక్కుండా నా కట్టలోంచి లాక్కుపోయేవాడు. ఒకసారి సగం చదివిన కథ అలా పోయింది. దాని చివర్లో కథానాయిక పెళ్ళికి ఒప్పుకుందో లేదో నాకిప్పటికీ తెలీదు. బొమ్మలో ఆవిడ ముఖం మీద అరచెయ్యంత నూనె మరక పడింది.

"అదేటి మామా! పేపరంటే నీకు గుడ్డపేలికేటి?"

"సదివేసినావనుకున్నాన్రా, బాబీ."

మామ భార్య నూరున్నీసా అత్తకి చెప్పుకుంటే ఆవిడ అసలు సంగతి చెప్పింది. "మా తమ్ముడి పెళ్ళికి, కొత్తల్లుడు గదా, గొప్పకి పోయి పెళ్ళికొడుకు స్కూటరుకి మీ మామే ఆయిలు మార్సినాడు. బోల్టు సరిగ్గా బిగించలేదు. ఊరేగింపు సగంలో బండి ఆగిపోనాది. పెళ్ళికొడుకు తోసుకుంటా వచ్చినాడు. ఫోటోలన్నిట్లోనూ మావోడి తెల్ల ప్యాంటు మోకాళ్ళ దాకా నల్లగుంటాది. నలభయ్యేళ్ళైంది బాబూ, ఈయనకింకా ఆ నూనె వదల్లేదు."

ఇంతలో నాకొక ఉద్యోగం తగిలింది. స్టీలు ప్లాంటులో పనులు చేసే మోహనకృష్ణ అనే కాంట్రాక్టరు దగ్గర స్టోర్స్ అసిస్టెంటు. "సోమవారం ఎనిమిదికి గాజువాక ఆఫీసులో ఉండు. ఎనిమిదింటికి గేటు పాసులకి పేర్లు పంపించేస్తాను. ఐదు నిమిషాలు లేటైతే నీ పేరుండదు, వేరేవాడి పేరుంటుంది," అన్నాడు. అంతకుముందు రెండు ఉద్యోగాలు నాకిలాగే పోయాయి. ఒకటి నాకింకా బండి లేనప్పుడు సిటీ బస్సు వల్ల, ఒకటి నా నోటి వల్ల. మూడోది పోతే ఇంట్లో ఎలా తలెత్తుకోవాలో తెలీదు. అమ్మ చేపల గంపతో తెల్లారకుండా వెళ్తుంది. నేను చదువుతూ పడుకుంటాను. ఈ లెక్క చాలాకాలంగా నన్ను కొరుకుతోంది.

నా బండికి నూనె మార్చి చాలా రోజులైంది. రోజూ ముప్ఫై కిలోమీటర్లు తిరగాలంటే మార్చాల్సిందే. మామకిస్తే సోమవారం ఆయనకి గాజువాకలో పని పడుతుంది. మొదటి రోజు, ముందు కాంట్రాక్టరు, వెనక తల వంచుకుని నా బండి కిందకి చూస్తూ మామ. ఆ దృశ్యం తల్చుకుంటేనే చెమటలు పట్టాయి. అందుకని ఆదివారం మామ మార్కెట్టుకి వెళ్ళగానే, గేటు వేసుకుని, ఫోన్లో వీడియో పెట్టుకుని నేనే మొదలుపెట్టాను.

బోల్టు విప్పాను, నూనె దించాను. పక్కనున్న మూడు చిన్న బోల్టులు విప్పి మూత తీసి, పాత ఫిల్టరు లాగి కొత్తది పెట్టాను. ఆ సమయంలో వీడియోలో పళ్ళపొడి ప్రకటన వచ్చింది. ముందుకి జరిపేశాను. మూతకి కొత్త రబ్బరు రింగు వేసి బిగించాను. నూనె పోశాను. రెండు నిమిషాలు ఇంజను నడిపాను. ఏమీ కారలేదు. నామీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది.

సోమవారం ఆరూ ముప్పావుకి గేటు తీసేసరికి మామ ఎదురుగా ఉన్నాడు.

"ఆయిలు మార్సినావేటి?"

"ఎవరు సెప్పినారు?"

"గేటు కిందనుంచి వాసనొచ్చింది. పేపరేసినావా?"

దానికోసమే ఎదురుచూస్తున్నాను. రాత్రంతా బండి కింద ఉన్న పేపరు తీసి ఆయన ముఖం ముందు పట్టాను. ఒక్క చుక్క లేదు. మామ అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. ముఖం వికసిస్తుందనుకున్నాను. ఇంకా ముడుచుకుపోయింది.

"ఫిల్టరు కూడా మార్సినావా? పాత రింగేదీ?"

"పారేసినాను."

"నీ సేత్తో పట్టుకుని పారేసినావా?"

"అబ్బా, మామా! ఎనిమిదికి నా పేరు రాయకపోతే నా బతుకింతే. నన్నొగ్గెయ్యి."

బయల్దేరాను. కానీ ఆ ప్రశ్న వెనక సీటు మీద ఎక్కి కూర్చుంది. పాత రింగు. నిజానికి నాకు కనబడలేదు. ఫిల్టరుతో పాటు చెత్తలో పోయుంటుందనుకున్నాను. పోయే ఉంటుంది. పోకపోతే? కాన్వెంట్ జంక్షన్ దాటాక అద్దంలో నీలం స్కూటరు కనబడింది. స్పీడు పెంచాను. బొగ్గు లారీల మధ్యనుంచి దూరిపోయాను. సింధియా దగ్గర చూస్తే స్కూటరు లేదు. హమ్మయ్య అనుకున్నాను. ఎందుకో భయం మాత్రం తగ్గలేదు. గడియారం చూస్తే ఏడూ పది.

మల్కాపురంలో వెనకనుంచి హారన్ ఆగకుండా మోగింది. మామ ఒక లారీ పక్కనుంచి ఊడిపడి, టోపీ ఒక చేత్తో పట్టుకుని అరుస్తున్నాడు.

"ఆపరా! ఇంజనాపు! నీ కాలు సూసుకో!"

చూసుకున్నాను. కుడి బూటు నూనెతో మెరుస్తోంది. ఇస్త్రీ ప్యాంటు మోకాలి దాకా నల్లచుక్కలు. రోడ్డు మీద నా వెనక సన్నటి నల్ల గీత.

మామ టీ కొట్టు పక్కకి బండి తోయించి, వంగి చూసి తలూపాడు. "పాత రింగు లోపలే అతుక్కుపోనాదిరా. నలుపు మీద నలుపు, కనబళ్ళేదు నీకు. దానిమీద కొత్తదేసి బిగించినావు. సల్లగున్నంతసేపు ఊరుకుంటాది. వేడెక్కితే తోసేత్తాది."

"ఎంతసేపవుతాది మామా?"

"ఇది సల్లారాల ముందు. గంటైనా పడతాది."

ఏడూ పదిహేడు. నేను ఫుట్‌పాత్ మీద కూలబడ్డాను. మూడో ఉద్యోగం కూడా నూనెలాగే కారిపోతోంది. బస్సెక్కితే ఎన్నిచోట్ల ఆగుతుందో నాకు తెలుసు, మొదటి ఉద్యోగం పోయింది దానివల్లే. అప్పుడు మామ ఒక పని చేశాడు. ఆ స్కూటరుని ఆయన నూరున్నీసా అత్తని కూడా తుడవనివ్వడు. దాని డబ్బా తెరిచి, నూనె సీసా, రెండు పానాలూ, మడతపెట్టిన పేపరూ తీసుకుని, ఒక చిన్న కవరు జేబులో వేసుకుని, తాళం నా చేతిలో పెట్టాడు.

"నాకీ గేర్లు రావు మామా!"

"ఎడం సేతిలో ఉంటాది. క్లచ్చు నొక్కి తిప్పడమే. రెండోది కొంచెం దొంగది, మెడ వంచి బతిమాలాల. బ్రేకు కాలితో. ఎల్లు. ఆగాగు!"

"ఏటి?"

"ఈ స్కూటరు బోల్టు నాను బిగించిందే. ఓసారి సూడనీ."

"మామా!"

"సరే, ఎల్లు ఎల్లు."

రెండో గేరుని శ్రీహరిపురం దాకా బతిమాలుతూనే ఉన్నాను. నా జీవితంలో ఎవర్నీ అంతసేపు బతిమాలలేదు. ఏడూ యాభై ఆరుకి మోహనకృష్ణ ఆఫీసు ముందు స్కూటరు దగ్గి ఆగింది. ఆయన నా ప్యాంటు చూశాడు, స్కూటరు చూశాడు. "స్టోర్సుకి పనికొస్తావులే. ఫారం నింపు," అన్నాడు.

పెన్ను కోసం స్కూటరు డబ్బా తెరిచాను. పెన్ను లేదు. మందుబిళ్ళల చిన్న కవర్లు, లోపల ఒక్కో కొత్త సామానుతో, వరసగా ఉన్నాయి, ఒక్కోదాని మీద స్కెచ్ పెన్నుతో వంకరటింకర తెలుగు అక్షరాలు. జగ్గారావు, కింది వాషరు. కొండలరావు, చైను లింకు. సన్యాసిరాజు మాస్టారు, ప్లగ్గు. మామ స్కూటరు కాక మా వీధిలో పదకొండు బండ్లున్నాయి. కవర్లు లెక్కపెట్టాను. పది.

పదకొండోది మల్కాపురంలో మామ జేబులో ఉంది.

ఆయన నమ్మనిది బోల్టుల్నే. మాలో ఎవడూ నడిరోడ్డు మీద బండి తోసుకోకూడదని బీరువా కొట్లో, కోచింగ్ సెంటర్లో ఎన్ని అబద్ధాలైనా ఆడతాడు. పక్కవాడి పెన్ను అడిగి ఫారం నింపాను.

సాయంత్రం ఐదున్నరకి మల్కాపురం వచ్చేసరికి నా బండి టీ కొట్టు పక్కనే ఉంది. దానికెదురుగా నూనెడబ్బా బోర్లించి మామ కూర్చునున్నాడు. ఫోన్లో ఎవరికో చెబుతున్నాడు: "ఈసారికి సదవలేదమ్మా."

"ఎప్పుడు బాగైంది మామా?"

"పదింటికి."

"మరింతసేపూ ఇక్కడే ఉన్నావేటి?"

"ఇటు పనుండిపోనాది." కళ్ళు మాత్రం బండి కింద పేపరు మీదే ఉన్నాయి. "పేరు రాసినారా?"

"రాసినారు."

మామ లేచి పేపరు తీసి చూపించాడు. పొడిగా ఉంది. అది పోయినవారం ఉద్యోగ ప్రకటనల పేజీ, నేను ఎర్ర పెన్నుతో గుండ్రాలు చుట్టుకున్నది. నా కట్టలోదే.

"కథల పేజీలు ముట్టుకోలేదు. ఇదైతే నీకింక అక్కర్లేదని..." అన్నాడు.

తాళాలు మార్చుకున్నాం. నేను బండెక్కి కదలకుండా కూర్చున్నాను. మామ స్కూటరు మీద, అలవాటు ప్రకారం నేను ముందు వెళ్ళడానికి ఆగాడు.

"ఎల్లరా."

"నువ్వెల్లు మామా. ముందు నువ్వెల్లు."

"ఎందుకు?"

"నాకూ అటే పనుంది."

మామ ముఖంలో రంగు మారింది. గబుక్కున స్కూటరు దిగి, స్టాండు వేసి, రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుని కిందకి తల దూర్చాడు.

"ఏట్రా? నా బండిదేటైనా కారతందేటి?"

ఎంత చెప్పినా వినలేదు. ఉద్యోగాల పేజీ మళ్ళీ పరిచాం. ఇంకో టీ తాగి, చుక్క పడలేదని ఇద్దరం విడివిడిగా చూసుకున్నాకే అక్కణ్ణుంచి కదిలాం.